పుట్టి పాట రెండో పక్క

మా ఇంటామె పోయి ఇరవై రెండు రోజులైంది. ఆ రోజు బుధవారం, డయాలసిస్ రోజు. పొద్దున ఆరున్నరకే సంచి సర్దుకుంది. దుప్పటి, అర లీటరు నీళ్ల సీసా, పరీక్షల కాగితాలు. ఏడింటికి ఆటో వచ్చింది. నేను తలుపుకు తాళం వేసి వెనక్కి తిరిగేసరికి ఆమె అరుగు మీద కూర్చొని గోడకు ఆనుకొని ఉంది. "నర్సమ్మా, పోదాం లేవుండ్రి" అన్నాడు ఆటో అతను. లేవలేదు.

ఈ పత్రిక మన మూడు జిల్లాల్లో తిరుగుతుంది. చదివేవాళ్లలో కొందరైనా ఆమె చేతి సూది తిన్నవాళ్లే ఉంటారు. బల్మూర్ వైపు మూడేళ్లు, పాన్‌గల్ వైపు తొమ్మిదేళ్లు, మిగిలిన ఉద్యోగమంతా గద్వాల దగ్గర ఏటి ఒడ్డు ఊళ్లలో. ఇంటింటికీ తిరిగి పిల్లలకు టీకాలు వేసే నర్సు. ఆ పని గురించి చెప్పవలసినవాళ్లు దినాల నాడు చెప్పారు. నేను ఒక్క పాట గురించి రాస్తాను. ఆ పాటలో కొంత నా చేతుల్లో పోయింది. అది చెప్పకుండా ఆమె గురించి ఏం రాసినా అబద్ధమే అవుతుంది.

ఆమె పాత గ్రామఫోన్ రికార్డులు వెతికేది. లక్కతో చేసిన బరువైన నల్ల పళ్లాలు. కింద పడితే పెంకులా పగులుతాయి. సంస్థానాల కాలంలో గద్వాల, వనపర్తి పెద్ద ఇళ్లలో ఆ మిషన్లు ఉండేవి. మిషన్లు పాత సామాన్లోకి పోయినా రికార్డులు అటకల మీద, గాబుల వెనక, పెట్టెల అడుగున మిగిలాయి. నర్సుకు ఏ ఇంట్లోనైనా లోపలి గది దాకా పోయే వీలుంటుంది. బాలింతను చూసేది, బిడ్డను తూచేది, చేతులు కడుక్కునేది. అప్పుడు అడిగేది: "ఇంట్ల పాత పాటల పళ్లాలు ఏమన్న ఉన్నయా?"

పాన్‌గల్ పక్క ఊళ్లో ఒక అత్త కోడలితో అనడం నేనే విన్నాను. "నర్సమ్మ వస్తుంది. పిల్లగాన్ని ఎత్తుకో, రికార్డులు దాసిపెట్టు."

"రికార్డులెందుకత్తా?"

"సూది ఏస్తె పిల్లగాడు ఏడుస్తడు. నువ్వు వాన్ని ఊకోబెడుతుంటవు. గా సందుల ఆమె అటకెక్కుతది."

మా ఇంటామె గుమ్మంలో నిలబడి అంతా విన్నది. "అటక మీద ఏమున్నయో ముందుగాలనే చెప్తే ఎక్కను కద పెద్దమ్మా" అంది. ఆ ఇంట్లో రెండు దొరికాయి. వాటిని ఆ అత్తే చీరకొంగుతో తుడిచి ఇచ్చింది.

మన ఎండలకు లక్క రికార్డు వంగిపోతుంది. అందుకని దవాఖానలో పనికిరాదని పక్కన పడేసిన పెద్ద ఐసు డబ్బా ఒకటి అడిగి తెచ్చుకుంది. దొరికిన రికార్డును అందులో పెట్టి, పైన తడిగుడ్డ కప్పి, ఒళ్లో పెట్టుకొని బస్సులో వచ్చేది. దేనికి మందమ్మా అని కండక్టర్లు అడిగేవారు. "చెవులకు" అనేది.

గ్రామఫోన్‌కు ఉక్కు ముల్లు ఉంటుంది. ఒకసారి వేసిన ముల్లును రెండోసారి వేయనిచ్చేది కాదు. మొద్దుబారిన ముల్లు పాటను గీకేస్తుంది. "ఒక సూది ఒక్కరికే, ఒక ముల్లు ఒక్క పాటకే" అని ఆమె మాట. వాడిన ముళ్లను వాడిన సూదుల మాదిరే సీసాలో వేసి మూత బిగించేది.

వనపర్తిలో మా ఇంట్లో గింజల బస్తాలు పెట్టుకునే గది ఒకటి ఉంది. మిషన్ అందులో పెట్టుకుంది. ఒక స్టూలు, ఒక కిటికీ. సాయంత్రం నాలుగింటికి లోపలికి పోయి తలుపు వేసుకునేది. ఒక పాట, మహా అయితే రెండు. తర్వాత చాలాసేపు ఏ చప్పుడూ ఉండేది కాదు. ఐదింటికి బయటికొచ్చి చాయ్ పెట్టేది. ఏం విన్నావంటే చెప్పేది కాదు. మాకు పిల్లలు లేరు. ఇంట్లో ఉన్నది ఇద్దరం. ఇద్దరిలో ఒకరు రోజూ ఒక గంట తలుపు వేసుకుంటే రెండోవారికి ఆ గంట పొడుగ్గా ఉంటుంది. ముప్పై ఏళ్లలో ఒక్కసారి కూడా నన్ను లోపలికి రమ్మనలేదు. నేనూ అడగలేదు. తలుపు అవతలి నుంచి మిషన్ కీ తిప్పే చప్పుడు లెక్కపెట్టేవాడిని. ఇరవై ఎనిమిది చుట్లు. ఎప్పుడూ అంతే.

ఒకసారి శివరాత్రికి సోమశిల పోయాం. గుడి ముందు భజన జరుగుతోంది. మేం ముందు వరసలో కూర్చున్నాం. హార్మోనియం వాయిస్తూ పాడుతున్నాయన చాలా బాగా పాడాడు. ఆమె పావుగంటకే లేచి మెట్ల మీదికి పోయి ఏటి వైపు తిరిగి కూర్చుంది. నాకు కోపం వచ్చింది.

"మంచిగ పాడుతుండు కద. లేచినవేంది?"

"నా దిక్కు చూసుకుంట పాడుతుండు. నేను తలూపాలె, లేకుంటే ఆయన పరేషాన్ అయితడు. నేను పాట యాడ విన్న? ఆయన మొఖం చూసిన."

ఏటి వైపే చూస్తూ మళ్లీ అంది. "రికార్డుల పాట ఎవ్వరి దిక్కు చూడదు. ఇంటింటికి తిరిగి అందరి మొఖాలు చూసి వస్త. ఒక్క గంట నన్ను ఎవ్వరు చూడొద్దు."

ఆ ఎవ్వరిలో నేనూ ఉన్నానని ఆ రోజు అర్థమైంది.

ఇక ఆ పాట. గద్వాల దగ్గర ఒక కాన్పు ఇంట్లో, దూలం సందులో దొరికింది. ఏదో నాటక కంపెనీ ఆడమనిషి పాడింది. లేబుల్ మీద పేరు చెరిగిపోయింది. ఏటి ఒడ్డున ఒకామె పుట్టి కోసం ఎదురుచూస్తుంటుంది. వెదురుతో అల్లిన గుండ్రటి పుట్టి, కృష్ణ దాటే వాళ్లందరికీ తెలిసిందే. 'పుట్టి వచ్చే వేళాయె, బొట్టు దిద్దవే చెల్లి' అని మొదలవుతుంది. ఆ కాలపు రికార్డుకు ఒక్కో పక్క మూడు నిమిషాలే పట్టేది. పాట పొడుగైతే సగం ఇటు, సగం అటు. మొదటి పక్క నిండా ముస్తాబు, పూలు, ఎదురుచూపు. రెండో పక్కలో పుట్టి వస్తుంది. 'పుట్టి వచ్చె ఒడ్డుకు, తెడ్డు పట్టినోడు లేడు.'

మా ఇంటామె పుట్టింది జూరాల దిగువన, ఏటి ఒడ్డున. కొత్త నీళ్లు వచ్చిన రోజు వాళ్లమ్మ ఏట్లో పసుపు కుంకుమ వేసి మొక్కేదట. వాళ్లమ్మ పోయిన తర్వాత ఈమె ఏటికి పోవడం మానేసింది. జూరాల డ్యాం గేట్లు ఎత్తారని తెలిసిన రోజు మాత్రం పుట్టి పాట రెండో పక్క వినేది. ఏడాదికి ఒక్కసారి. అంతకంటే ఎక్కువ వేస్తే అరుగుతుందని ఆమె భయం. మొదటి పక్క నెలకోసారి వినిపించేది. రెండో పక్క నేను తలుపు ఇవతలి నుంచి ఏడాదికి ఒకసారి, అదీ ముక్కలు ముక్కలుగా విన్నాను.

నాలుగేళ్ల కింద, ఎండాకాలం. ఆమె అప్పటికి రిటైరైంది. గద్వాలలో చెల్లెలి ఇంటికి రెండు రోజులు పోయింది. ఆ మధ్యాహ్నం గాలిదుమారం లేచింది. కిటికీ వేద్దామని ఆ గదిలోకి పోయాను. రికార్డుల మీదికి దుమ్ము కొట్టింది. బట్టతో ఒక్కొక్కటి తుడిచాను. పుట్టి పాట రికార్డు రెండో పక్క మీద ఏదో జిడ్డు మరక. బట్టకు పోలేదు. ఆమె పాత పెట్టెలో స్పిరిట్ సీసా, దూది ఉన్నాయి. దూదిని స్పిరిట్‌లో ముంచి అంచు నుంచి గుండ్రంగా తుడవడం మొదలుపెట్టాను.

మూడు నాలుగు చుట్లు తిరిగాయి. దూది నల్లగా అయింది. మురికి అనుకున్నాను. తర్వాత వాసన వచ్చింది. లక్క వాసన.

నేను పనిచేసింది వ్యవసాయ శాఖలో, మట్టి పరీక్షల దగ్గర. చదివింది కెమిస్ట్రీ. డిగ్రీలో లక్కను స్పిరిట్‌లో కరిగించి బల్లలకు మెరుగు పట్టించిన చేతులే ఇవి. దూది పారేసి రికార్డును గట్టిగా పట్టుకున్నాను. బొటనవేలు మెత్తగా దిగబడింది. తీసేసరికి వేలిముద్ర పడింది. ఆరిన తర్వాత చూస్తే పాట గీతలు సగం దాకా మాసిపోయి, గచ్చు మీద నీళ్ల మరకలాగా ఉంది. లేబుల్ దగ్గర మాత్రం ఒక వేలెడు వెడల్పు మెరుస్తోంది.

కవరులో పెట్టి, ఎక్కడిది అక్కడ పెట్టాను. ఆమె వచ్చింది. చెప్పలేదు.

ఏప్రిల్ నుంచి గేట్లు ఎత్తే రోజు దాకా నాకు గడువు. అది ఏ రోజో తెలియదు. ఎగువన వానలు అని టీవీలో వస్తే ఛానల్ మార్చేవాడిని.

"జూరాలకు నీళ్లెన్ని వచ్చినయో చూడనియ్యవేంది?" అనేది.

"ఇంకా రాలేవు."

"నువ్వు చూడకుంటనే తెలిసిందా?"

ఆ మూడు నెలలు రికార్డులు వెతికింది నేను. ఫోన్లో ఎంత వెతికినా ఆ పాట లేదు. హైదరాబాద్‌లో రికార్డులు కూడబెట్టే ఇద్దరికి ఫోన్ చేశాను. వినలేదన్నారు. మట్టి నమూనాల కోసం తిరిగిన ఊళ్లలోనే మళ్లీ తిరిగాను. ఆమె అడిగినట్టే అడిగాను. నన్ను ఎవరూ లోపలి గదికి రానివ్వలేదు. వాకిట్లోనే నిలబెట్టి లేవన్నారు. ఆమె ముప్పై ఏళ్లుగా ఏం చేసిందో, అది ఎంత కష్టమో అప్పుడు తెలిసింది.

చివరికి నాగర్‌కర్నూల్‌లో ఒక మైకు సెట్ ఆయన దొరికాడు. తండ్రి కాలం నుంచి పెండ్లిళ్లకు మైకు కట్టినవాడు. ఇప్పుడు కొడుకు డీజే పెట్టాడు, ఈయన రేకుల షెడ్డు ముందు మంచమేసుకొని పడుకుంటాడు. పాట పేరు చెప్పగానే లేచి కూర్చున్నాడు.

"పుట్టి పాటనా? అది లేని లగ్గం యాడుండె సార్. పొద్దుగాల దేవుని పాట. పెండ్లికొడుకు దిగినంక పుట్టి పాట. మా అయ్య ఏసిండు, నేను ఏసిన. నా చేతులనే అరిగిపోయింది."

"రెండో పక్క?"

"రెండో దిక్కు ఎవ్వడు ఏస్తడు సార్? అండ్ల పుట్టి ఒట్టిగ వస్తదంట. లగ్గంల అది ఏస్తే మైకు గుంజి నా నెత్తిన కొడుదురు."

"మీరు విన్నారా?"

"నేను వినలే. చెయ్యి తప్పి ఏస్తనేమోనని మా అయ్య దానికి ఎర్ర బట్ట అతికిచ్చిండు. ఎర్ర బట్ట దిక్కు మేం ముల్లు పెట్టం."

ఎన్నడూ ముల్లు పెట్టని రెండో పక్క. దాని మీద ఒక్క గీత కూడా ఉండదు. ఆ రికార్డు ఉందా అన్నాను. షెడ్డులోకి పోయి ఇనుప పెట్టె లాగాడు. పైన రేకులు, కింద ఎన్నో ఎండాకాలాలు. లోపల రికార్డులన్నీ ఒకదాని మీద ఒకటి వంగిపోయి ఉన్నాయి. మాకు కావలసింది నూనెలో వేసిన అప్పడంలా లేచి ఉంది. మొదటి పక్క అరిగి తెల్లబారింది. రెండో పక్క, లేబుల్ మీద ఎర్ర బట్టతో, కొత్తదానిలాగా నల్లగా మెరుస్తోంది.

"కొండవోండ్రి సార్. వడియాలు ఎండబెట్టుకోనీకి పనికొస్తది" అన్నాడు.

ఇంటికి తెచ్చాను. ఆమె బజారుకు పోయినప్పుడు రెండు మందపాటి అద్దాల మధ్య పెట్టి మేడ మీద ఎండలో ఉంచాను. వేడికి మెత్తబడి అద్దం బరువుకు మెల్లగా కిందికి దిగుతుంది. గంట సేపు పక్కనే కూర్చున్నాను. చాలావరకు దిగింది. ఇంకొంచెం ఉందని చేత్తో కొద్దిగా అదిమాను. చింతగింజ చితికినట్టు చిన్న చప్పుడు. అంచు నుంచి నడుమ దాకా చీలింది. ఆ ముక్కలను మట్టి నమూనాల సంచిలో చుట్టి బీరువా వెనక పెట్టాను. ఇప్పటికీ అక్కడే ఉన్నాయి.

ఒక మధ్యాహ్నం గద్వాల నుంచి ఫోన్ వచ్చింది. "అక్కా, గేట్లు ఎత్తిన్రు." ఆమె చేతులు కడుక్కుంది. తల దువ్వుకుంది. గదిలోకి పోయింది. తలుపు వేసుకుంది. కీ తిప్పుతున్న చప్పుడు. పది. పదిహేను. ఇరవై. ఇరవై నాలుగు దగ్గర నేను తలుపు తోశాను.

"జర ఆగు."

ఆమె చేతిలో రికార్డు ఉంది. నా వైపు చూసింది. ఆ గదిలో నన్ను చూడటం ఆమెకు అదే మొదటిసారి.

"ఏమైంది?"

"ఆ పక్క నేను తుడిచిన. స్పిరిట్‌తోని."

రికార్డును కిటికీ వెలుతురుకు పట్టి చూసింది.

"ఈ వేలు నీదేనా?"

"నాదే."

"నన్ను అడగకుంట గదిలకెందుకొచ్చినవ్?"

"దుమ్ము కొట్టింది."

"లక్క స్పిరిట్ల కరుగుతదని నీకు తెల్వదా?"

"తెలుసు. గుర్తుకు రాలే."

రికార్డును కిందికి దించింది. "గుర్తుకు రాలేదా, రానియ్యలేదా?"

అబద్ధం చెప్పదలచుకోలేదు. నిజం ఏదో నాకు తెలియదు. ఇప్పటికీ తెలియదు.

"కూసో" అంది. గదిలో ఉన్నది ఒక్కటే స్టూలు, అది ఆమెది. గడప మీద కూర్చున్నాను. కొత్త ముల్లు బిగించి రికార్డు వేసింది. నిమిషన్నర పైనే ఇసుక కురిసినట్టు శబ్దం. తర్వాత ఆ ఇసుకలోంచి, పాట నడుమ నుంచి, గొంతు లేచింది. చివరి చరణం ఒక్కటే. అయిపోయిన తర్వాత ముల్లు ఎత్తింది. "ఇంతే మిగిలింది" అని పోయి చాయ్ పెట్టింది.

తొమ్మిది రోజులు అన్నం, నీళ్లు, మందులు తప్ప ఇంకో మాట లేదు. పదో రోజు నాలుగింటికి గదిలోకి పోయింది. తలుపు వేయలేదు. నన్ను పిలవలేదు కూడా. పోయి గడప మీద కూర్చున్నాను. ఆమె నా వైపు తిరగలేదు. నేనూ ఆమెను చూడకుండా వినడం నేర్చుకున్నాను. ఆ తర్వాత ఆ తలుపు ఎప్పుడూ మూయలేదు.

మరుసటి ఏడు కిడ్నీల జబ్బు బయటపడింది. వారానికి మూడు రోజులు దవాఖాన. రోజుకు ఒక లీటరు నీళ్లు, అంతకు మించొద్దన్నారు. అర లీటరు సీసాలు రెండు పెట్టుకొని గీత గీసుకొని తాగేది.

పోయిన ఏడు గేట్లు ఎత్తిన రోజు మళ్లీ ఆ పక్క వేసింది. ఇసుక శబ్దం వస్తున్నంతసేపూ ఆమె పెదవులు కదిలాయి. పాడటం లేదు. పాట ఎక్కడిదాకా వచ్చిందో లోపల లెక్క నడుస్తోంది. ఇసుకలోంచి గొంతు లేచేసరికి ఆమె పెదవులు సరిగ్గా అక్కడికి చేరాయి. అప్పుడు మైకు సెట్ ఆయన సంగతి చెప్పాను. వంగిన రికార్డు, పగిలిన రికార్డు, ఎర్ర బట్ట, అన్నీ. ఈ చుట్టుపక్కల రెండో పక్క విన్న మనిషి నాకు దొరకలేదని చెప్పాను.

"అంటే నాతోనే పోతదా?" అంది.

"రాసిపెట్టు."

మాటలు రాసింది. రాగం కాగితం మీదికి రాదు కదా. ఒక వరుస దగ్గర పెన్ను ఆగింది. చోటు వదిలి కింది వరుస రాసింది.

"అదేంది?"

"ఆడ ఒక మాట ఉంది. పోయిన ఏడు దాకా ఉండె. రికార్డు ఉంటే ఒకసారి వినుకునేదాన్ని."

ఆ మాట మామూలుగానే అంది. అందులో నింద లేదు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

నేను ఫోన్ తీసి, నువ్వు పాడు, పట్టుకుంటా అన్నాను.

"లోపల పెట్టు. నన్ను దాంట్ల పట్టుకొని నువ్వు ఈ గదిల ఒక్కనివే కూసొని వింటవు. పాట ఈడనే ఉంటది. నేను చేసిన పనే నువ్వు చేస్తవు. దీన్ని మనిషికియ్యాలె."

పాన్‌గల్ పక్క ఊళ్లో ఒక అవ్వ ఉంది. ఆడవాళ్ల భజన మేళం ఆమెది. మైకులో విని నేర్చుకొని, నలభై ఏళ్లుగా పెండ్లిళ్లలో పుట్టి పాట పాడుతోంది. ఆమె మనవలందరికీ టీకాలు వేసింది మా ఇంటామే. ఈ వేసవి మొదట్లో ఒక గురువారం, డయాలసిస్ లేని రోజు, ఇద్దరం పోయాం. వచ్చిన పని చెబితే అవ్వ నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"దీనికి రెండో దిక్కున్నదా? నలభై ఏండ్లు పుట్టి వస్తది, వస్తది అని పాడిన. వచ్చిందా లేదా అని నన్ను ఒక్కరడగలే, నేను ఒక్కర్నడగలే."

"వచ్చిందవ్వా" అంది మా ఇంటామె.

"వస్తే పాడు బిడ్డా. సిగ్గేంది, అందరం ఆడోళ్లమే."

పాడలేదు. ఆరుగురు ఆడవాళ్లు తాళాలు ఒళ్లో పెట్టుకొని ఆమెనే చూస్తున్నారు. నోరు తెరిచింది, మూసుకుంది. నాకు సోమశిల మెట్లు గుర్తొచ్చాయి. నేను లేచి బయటికి పోయి అరుగు మీద కూర్చున్నాను. లోపల కుర్చీ జరిగిన చప్పుడు.

"గోడ దిక్కు తిరిగినవేందే?" అవ్వ గొంతు.

"నన్ను చూడకుండ్రి. ఊకె వినుండ్రి."

ముప్పై నాలుగేళ్ల కాపురంలో ఆమె పాట నేను విన్నది అప్పుడే, గోడకు ఇవతల కూర్చొని. గొంతు గొప్పది కాదు. రొప్పు వస్తోంది. ఒక్కో వరుసకు ఆగి ఒక గుక్క నీళ్లు తాగుతోంది. ఆ రోజు పొద్దుటి నుంచి ఆమె నీళ్లు ముట్టలేదని అప్పుడు గుర్తుకొచ్చింది. రోజు నీళ్లు మొత్తం పాటకు దాచుకుంది. ఆమె ఒక వరుస పాడితే అవ్వ అందుకునేది. తప్పు పోతే మా ఇంటామె గోడను వేలితో కొట్టేది. అవ్వ మళ్లీ మొదటి నుంచి.

నాలుగు గురువారాలు పోయాం. ప్రతిసారీ ఇంకొంచెం తక్కువ పాడగలిగేది. నేను సీసా వైపు చూస్తూ కూర్చునేవాడిని. నీళ్లు ముందు అయిపోతాయా, చరణం ముందు అయిపోతుందా అని.

రెండో గురువారం ఆ ఖాళీ వరుస వచ్చింది.

"ఏదన్న ఒక మాట పెడుదాం బిడ్డా. మేం కట్టుకుంటం. మా పాటలల్ల సగం మేం కట్టినయే" అంది అవ్వ.

"వద్దవ్వా. తెల్వనిది తెల్వనట్టే ఉండనియ్యి."

"మరి నోరు మూసుకొని ఎట్ల పాడాలె?"

"తాళం కొట్టుకుంట ఉండు. వరుస దాటినంక మళ్లెత్తుకో."

అవ్వ నవ్వింది. "నలభై ఏండ్లల నన్ను నోరు మూసుకొమ్మని చెప్పినామె నువ్వే" అంది. కానీ అట్లాగే చేసింది.

చివరి చరణం మిగిలింది. ఐదో గురువారం నేర్పుతానంది. బుధవారమే పోయింది.

నాలుగో రోజున అవ్వ ఒక్కతే వనపర్తికి బస్సెక్కి వచ్చింది. ఏడవలేదు. "చివరి ముక్క నీ దగ్గర పళ్లెంల ఉందన్నది కద సారూ" అంది. గదిలోకి తీసుకుపోయాను. ఆమె స్టూలు మీద అవ్వ కూర్చుంది. ఏడాదికి ఒక్కసారే వినవలసిన పక్క. ఈ ఏడు గేట్లు ఇంకా ఎత్తలేదు. ఇరవై ఎనిమిది చుట్లు కీ తిప్పి వేశాను. ముల్లు మార్చి మళ్లీ వేశాను. మొత్తం ఐదుసార్లు. ప్రతిసారీ పాట కొంచెం అరుగుతుందని తెలిసే వేశాను. ఐదోసారి అవ్వ రికార్డుతో కలిసి పాడింది. తర్వాత చెయ్యి ఎత్తి చాలంది.

పదకొండో రోజు మా ఇంటి ముందు టెంటు వేశారు. అవ్వ మేళం పొద్దున్నే వచ్చింది. మైకు సెట్ ఆయనకు నేను కబురు పెట్టాను. నాగర్‌కర్నూల్ నుంచి పాత ఆంప్లిఫయర్, ఇత్తడి రంగు హారన్ ఒకటి తెచ్చి మా కరెంటు స్తంభానికి కట్టాడు. డీజే తేలేదు. అవ్వ ముందర మైకు పెట్టి పక్కన నిలబడ్డాడు.

మొదటి పక్క ఎత్తుకోగానే వచ్చినవాళ్లలో ముసలివాళ్లు కొందరు గొంతు కలిపారు. వాళ్ల పెండ్లి పాట అది. దినాల నాడు పెండ్లి పాటేందని ఒకాయన గొణిగాడు కూడా. ముస్తాబు అయింది, పూలు అయ్యాయి, ఎదురుచూపు అయింది. పాట ఆగే చోటు వచ్చింది. కలిపినవాళ్లంతా ఆగారు. అవ్వ ఆగలేదు. 'పుట్టి వచ్చె ఒడ్డుకు' అని ఎత్తుకుంది.

మైకు సెట్ ఆయన తలమీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. గొణిగినాయన కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. నేను ఆ గది కిటికీ పక్కన నిలబడి, ఎవరినీ చూడకుండా విన్నాను.

రెండో చరణం నడుమ ఆ వరుస వచ్చింది. ఏడుగురు ఆడవాళ్లు ఒకేసారి నోరు మూసుకున్నారు. హారన్‌లో ఉత్త తాళం. ఒక వరుస పొడుగు. వీధిలో పోతున్నవాళ్లు మైకు చెడిపోయిందనుకొని స్తంభం వైపు తలెత్తి చూశారు. మైకు సెట్ ఆయన చెయ్యి కూడా ఆంప్లిఫయర్ మీదికి పోయింది.

అవ్వ అతని చెయ్యి పట్టుకొని ఆపింది. రెండో చేత్తో తొడ మీద తాళం వేస్తూ, పెదవులు బిగించి, వరుస దాటేదాకా మా ఇంటి గోడ వైపే చూస్తూ ఉంది.